కాళ్ళు పైకి పెట్టుకుని ఎగిరిన ఓడ

కెమెరా కంటిలోంచి చూసిన మనిషికి ఓడ తలకిందులుగా ఉందని తెలియలేదా, తెలిసీ నోరు మెదపలేదా? ఎన్నేళ్ళు ఆలోచించినా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఆ కెమెరామన్‌నే అడుగుదామంటే ఆయన పోయి చాలా కాలమైంది. ఓడ చేసిన గరాటు మావయ్యను అడిగితే కాసేపు తన అరచేతులు చూసుకుని, “ఏమో” అంటాడు.

గరాటు మావయ్య అన్నది స్టూడియో పెట్టిన పేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు పెళ్ళి శుభలేఖలో తప్ప ఎక్కడా అచ్చు కాలేదు. సినిమా మొదట్లో పడే పేర్లలో అది ఎప్పుడూ “తదితరులు” అన్న మాటలో కలిసిపోయేది. ఆయన పని వడ్రంగం. ఒకవైపే తెరుచుకునే తలుపులు, ఎక్కడికీ పోని మెట్లు, వెనక నుంచి చూస్తే ఉత్త చెక్క పెట్టెలైన సింహాసనాలు చేసేవాడు. రాజుగారికి సింహాసనం చేసిన చేత్తోనే మర్నాడు ఉరికంబం చేసేవాడు. రెండింటికీ అవే మేకులు.

మన సినిమాల్లోకి సైన్సు ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే మావయ్య పుస్తకాల్లోది చెప్పడు, తన ఒంటిమీదుగా పోయింది చెబుతాడు. మొదట సీసాల కాలం. సైంటిస్టంటే తెల్ల గడ్డం, ప్రయోగశాలంటే గాజు సీసాల్లో రంగునీళ్ళు. ఆ నీళ్ళు బుడబుడమనాలంటే బల్ల కింద ఒకడు నక్కి గొట్టంలోకి ఊదాలి. ఊదేవాడు మావయ్యే. ఒకసారి తెల్ల గడ్డం ఊడి సీసాలో పడితే నవ్వాపుకోలేక ఊదాల్సింది పోయి పీల్చేశాడు. సాయంత్రం దాకా నాలుక ఆకుపచ్చగా ఉంది. ఆ తర్వాత దారాల కాలం. హీరో ఏదో మందు తాగి మాయమైపోతాడు, టీ కప్పు దానంతటదే గాల్లోకి లేస్తుంది. పైన దూలం మీద బోర్లా పడుకుని నల్లదారం లాగేవాడూ మావయ్యే. “మాయమైన హీరోలందరికీ చేతులు నావే. అందుకే వాళ్ళకి అన్ని కాయలు కాశాయి” అనేవాడు.

అలాంటి రోజుల్లో సన్నగా, కళ్ళద్దాలతో ఒక దర్శకుడు వచ్చాడు. చేతిలో కేలండరు కాగితం, దాని వెనక పెన్సిలు బొమ్మ.

“వేరే గ్రహం నుంచి ఒక ఓడ మన దగ్గరికి వస్తుంది. ఇదీ ఆ ఓడ. చేస్తావా?”

“ఎంత పెద్దదండీ?”

“ఊరంత.”

“అంటే చెయ్యాల్సింది?”

“నీ రెండు చేతుల్లో పట్టేంత.”

మావయ్య రెండు వెడల్పాటి బేసిన్లు తెచ్చి మూతికి మూతి కలిపి బిగించాడు. జల్లెడలు, సబ్బు పెట్టెలు, విరిగిన దువ్వెనలు, పాడైన గడియారాల చక్రాలు ఏవి దొరికితే అవి అతికించాడు. తోకకు మంట వచ్చే గొట్టం కావాలి. దానికి తగిన గరాటు కోసం పది రోజులు ఒక్కో కొట్టూ తిరిగాడు. “ఇంతకంటే పెద్దది లేదా?” అని అడుగుతూ తిరిగిన ఆ పది రోజుల్లోనే ఆయనకు ఆ పేరు స్థిరపడింది. ఓడ నెత్తిన గోపురంలా ఉండటానికి ఇంట్లో ప్రెషర్ కుక్కర్ మూత పెట్టాడు. కింద, ఓడ నేల మీద దిగినప్పుడు నిలబడటానికి, నాలుగు గరిటె కాడలు కాళ్ళుగా అమర్చి వాటికి సీసా మూతలు పాదాలుగా తొడిగాడు.

“నా కుక్కరు మూత ఏదీ?” అని భార్య ఇల్లంతా వెతికింది.

“అంతరిక్షంలో ఉంది.”

“అయితే భోజనం కూడా అక్కడే కానివ్వండి” అందామె.

కెమెరామన్‌ను అందరూ పెద్దాయన అనేవారు. లావుపాటి కళ్ళద్దాలు, పొదుపు మాటలు. ఎవరేం చెప్పినా “ఊఁ” అనేవాడు. ఆ “ఊఁ” అవునో కాదో ఆయన భార్యకే తెలియాలి. ఉపాయం మాత్రం ఆయనదే. బొమ్మ ఓడను సన్నటి తీగలతో వేలాడదీస్తే ఆ తీగలు తెర మీద కనబడతాయి. జనం కూడా ఊరుకోరు, పైకే చూస్తారు, దేన్ని పట్టుకుని వేలాడుతోందా అని.

“పైకి చూసేవాడు కిందికి చూడడు” అన్నాడు పెద్దాయన. “నువ్వు ఓడని కాళ్ళు పైకి పెట్టి, ఆ కాళ్ళకే తీగలు కట్టు. నేను కెమెరాని తలకిందులుగా బిగిస్తాను. తెర మీద ఓడ నిటారుగా ఉంటుంది, తీగలు పొట్ట కిందికి పోతాయి. అక్కడ ఎవడూ వెతకడు.”

ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం స్టూడియోలో ఎవరూ అంతకుముందు వినలేదు. తర్వాత కూడా వినలేదు.

వారం రోజులు తీగలు సరిచూశారు. పొద్దున్నే మావయ్య నిచ్చెనెక్కి నాలుగు కాళ్ళకు నాలుగు తీగలు ముడేసి ఓడను వెల్లకిలా వేలాడదీసేవాడు, సాయంత్రం దింపి గుడ్డలో చుట్టేవాడు. దర్శకుడూ, లైట్లవాళ్ళూ, టీ తెచ్చే మనిషీ, అందరూ వారం పాటు దాన్ని కాళ్ళు పైకి ఉండగానే చూశారు. ఎనిమిదో రోజు షూటింగు. పెద్దాయన గేటు దగ్గరే మావయ్యను ఆపాడు.

“కెమెరాని తిరగేసి బిగించే చట్రం పగిలింది. ఇవాళ కెమెరా మామూలుగానే పెడుతున్నా. ఓడని కూడా మామూలుగానే కట్టు. తీగల్ని పొగలో దాచేద్దాం.”

“అలాగేనన్నా.”

అలాగే అన్నది నోరు. మనసేమో అప్పటికే పొగ దగ్గరికి వెళ్ళిపోయింది. పొగ ఎంత వెయ్యాలి, ఎటు నుంచి వెయ్యాలి, ఫ్యాను ఎక్కడ పెట్టాలి. చేతులు వాటి పని అవి చూసుకున్నాయి. వారంగా ఎలా కడుతున్నాయో అలాగే కట్టేశాయి.

ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకంటారు? వారం రోజులు అలాగే చూసిన కళ్ళకు అదే నిటారు. సాయంత్రానికి ఓడ వచ్చే షాట్లు, పోయే షాట్లు అన్నీ అయ్యాయి. మిగిలింది ఒక్కటే, ఓడ నేల మీద దిగే షాట్. ఇసుక పోసి, అగ్గిపెట్టెలంత ఇళ్ళు పేర్చి ఉంచారు. పెద్దాయన కెమెరాకు కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ చూశాడు. నిచ్చెన మీదున్న మావయ్య వైపు ఒకసారి తల ఎత్తాడు. తర్వాత దర్శకుడితో అన్నాడు:

“దిగే షాట్ వద్దు.”

“అదేంటండీ? కథంతా దానికోసమే కదా!”

“వెలుతురు చాల్లేదు.”

“నాలుగు గోడల మధ్య ఉన్నాం. లైట్లు మనవి. సూర్యుడేమైనా అస్తమిస్తాడా?”

“అయినా చాల్లేదు. పైకి చూస్తున్న జనం ముఖాలు తియ్యి. ముఖాల మీద వెలుగు పాకితే చాలు, ఓడ దిగినట్టే.”

అలాగే తీశారు. తర్వాత్తర్వాత ఆ ముఖాల షాట్‌ను గొప్పవాళ్ళు గొప్పగా పొగిడారు. చూపకుండా చూపడమంటే అదేనన్నారు.

సినిమా విడుదలైన రోజు మావయ్య భార్యను తీసుకుని మొదటి ఆటకే వెళ్ళాడు. చీకట్లో, పొగ చీల్చుకుంటూ ఓడ వచ్చింది. హాలంతా ఈలలు. మావయ్య కూడా ఈల వెయ్యబోయి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే ఉండిపోయాడు. బల్ల మీద బోర్లించిన కుర్చీలాగా ఓడ నాలుగు కాళ్ళూ ఆకాశానికి చాపి ఎగురుతోంది. కిందుండాల్సినవి పైనున్నాయి, నెత్తిన ఉండాల్సిన గోపురం పొట్ట కింద వేలాడుతోంది. గేటు దగ్గరి మాట అప్పుడు గుర్తొచ్చింది. హాలు నవ్వుతుందని ఆగాడు. ఎవరూ నవ్వలేదు. నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆయన మాత్రం సీట్లో జారి జారి మెడ దాకా దిగిపోయాడు.

పత్రికలు ఆ కాళ్ళను కొమ్ములన్నాయి. జనం దాన్ని కొమ్ముల ఓడ అన్నారు. ఆ కొమ్ములు సంకేతాలు పట్టేవని కొందరు, ఆయుధాలని కొందరు వాదించుకున్నారు. పిల్లలు బంగాళాదుంపలకు అగ్గిపుల్లలు గుచ్చి ఎగరేశారు, పుల్లలు పైకి పెట్టి మరీ. ఎవరైనా “ఆ కొమ్ముల ఆలోచన ఎలా వచ్చింది మావయ్యా?” అని భుజం తడితే ఆయనకు ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. దొంగసొత్తు మెళ్ళో వేసుకుని తిరుగుతున్నట్టుండేది. ఒకసారి ధైర్యం చేసి పెద్దాయన దగ్గరికి వెళ్ళి, “అన్నా, ఆ రోజు దిగే షాట్...” అన్నాడు. పెద్దాయన “ఊఁ” అని లెన్సు తుడుచుకున్నాడు. ఆరేళ్ళకు ఆయన పోయాడు. ఆ “ఊఁ” అర్థం కూడా ఆయనతోనే పోయింది.

తర్వాత రేకు మనిషి కాలం వచ్చింది. యంత్రం మనిషిలా ప్రేమించడం, పగబట్టడం. ఆ రేకు తొడుగులు మావయ్యే చేశాడు. లోపల దూరిన నటుడు చెమటకు తడిసిపోయి, “ఈ యంత్రానికి దాహమేస్తోంది” అని అరిచేవాడు. ఆ తర్వాత ఆకుపచ్చ గోడలు. గ్రహాలూ ఓడలూ కంప్యూటర్లోనే పుట్టడం మొదలయ్యాక వడ్రంగికి మిగిలింది చెక్కలు నిలబెట్టి ఆకుపచ్చ రంగు వెయ్యడమే. “సీసాల కాలంలో నాలుకకి పట్టిన రంగు ఇప్పుడు గోడకి పట్టింది” అని ఒకరోజు బ్రష్షు కడిగేసి ఇంటికి వచ్చేశాడు. ఓడను మాత్రం గుడ్డలో చుట్టి అటక మీద పెట్టుకున్నాడు.

ఓడ సినిమా విడుదలైన ముప్పై ఎనిమిదేళ్ళకు ఒక ఉదయం ఫోను మోగింది. ఎవరో కుర్ర దర్శకుడు. కొమ్ముల ఓడ మళ్ళీ వచ్చినట్టు కొత్త సినిమా తీస్తున్నాడట. ఓడను కంప్యూటర్లో కడుతున్నారట.

“ఒక్క చోట ఆగిపోయాం గురువుగారూ. ఈసారి ఓడ దిగాలి. జనం అప్పటి నుంచీ ఎదురుచూస్తున్నారు. కాళ్ళెక్కడున్నాయో మాకు దొరకట్లేదు. మీ దగ్గర అసలు ఓడ ఉందటగా, తెచ్చి చూపిస్తారా?”

మావయ్య ఫోను పెట్టేసి గ్లాసెడు నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు.

“ఏమిటా గుటకలు?” అంది భార్య.

“ఓడకి కాళ్ళెక్కడని అడుగుతున్నారే.”

“పైనున్నాయని చెప్పండి.”

మావయ్య చేతిలో గ్లాసు అలాగే నిలిచిపోయింది. “నీకెలా తెలుసు?”

“కాళ్ళు పైకి, కాళ్ళు పైకి అని నిద్రలో కలవరిస్తారు. మొదట్లో ఎవరి కాళ్ళో అనుకుని బెంగపడ్డాను కూడా. హాల్లో గమనించలేదు గానీ, తర్వాత టీవీలో సినిమా వచ్చినప్పుడు సరిగ్గా చూశాను. నా కుక్కరు మూత నాకు తెలీదా? నెత్తిన ఉండాల్సింది కిందుంది.”

“మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?”

“మీరే చెబుతారని చూశాను” అందామె. “వెళ్ళి చెప్పేసి రండి. ఈ వయసులో ఇంకా ఎన్నాళ్ళు మోస్తారు? వచ్చేటప్పుడు నా మూత విప్పి తీసుకురండి.”

కొత్త స్టూడియోలో చెక్క వాసన లేదు, రంపం చప్పుడు లేదు. అద్దాల గది, ఒళ్ళు వణికే చల్లదనం, పది మంది పిల్లలు చెవులకు డిప్పలు పెట్టుకుని తెరల ముందు కూర్చున్నారు. ఓడను కట్టే పని ఒక అమ్మాయిది. మావయ్య గుడ్డ విప్పగానే అందరూ డిప్పలు తీసేసి చుట్టూ మూగారు. ఎవరో తీసి కొమ్ములు పైకి వచ్చేలా బల్ల మీద పెట్టారు. ఓడ కుక్కరు మూత మీద నిలబడి కాస్త ఊగింది.

“తాతయ్యా, ఇక్కడ కింద ఒక చిల్లుంది కదా, దీంట్లోంచే కిరణాలొస్తాయా?” అంది అమ్మాయి.

“అది విజిల్ పెట్టే చోటు, తల్లీ.”

అందరూ నవ్వారు. అమ్మాయి తన తెర మీద మూడు బొమ్మలు చూపించింది. మూడింట్లోనూ ఆ మూత తెరుచుకుని లోపలి నుంచి లావుపాటి ఇనప కాళ్ళు బయటికొస్తున్నాయి. “ఇందులో ఏదో ఒకటి కరెక్టయి ఉంటుంది అనుకుంటున్నాం” అన్నాడు కుర్ర దర్శకుడు. “మీరు ఊఁ అంటే చాలు గురువుగారూ.”

ఊఁ అంటే చాలు. పెద్దాయన జీవితమంతా అలాగే గడిపాడు. ఒక్క అక్షరం. దాంతో మావయ్య పేరు కూడా చెక్కుచెదరకుండా ఇంటికి చేరుతుంది. మావయ్య ఆ మూడు బొమ్మల వైపు చూశాడు. మూడూ అందంగా ఉన్నాయి. మూడూ ఓడ తలలోంచి కాళ్ళు మొలిపిస్తున్నాయి. ఇన్నాళ్ళూ తప్పు తను చేసిన ఓడలోనే ఉంది. ఇప్పుడు ఊఁ అంటే ఈ పిల్లలు ఏడాది పాటు రాత్రీ పగలూ కూర్చుని ఆ తప్పు మీద ఇంకో ఓడ కడతారు.

“అవేవీ కాదు” అన్నాడు. “కాళ్ళు పైనున్నాయి. మీరు కొమ్ములంటున్నారే, అవే. అది కొమ్ముల ఓడ కాదు నాయనా. నేను తిరగేసి కట్టాను.”

మావయ్య ఆగకుండా చెప్పుకుపోయాడు, చట్రం పగలడం, గేటు దగ్గరి మాట, చేతులు చేసిన పని. కుర్ర దర్శకుడు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

“నేను ఆ కొమ్ముల్ని చూసే సినిమాల్లోకి వచ్చాను గురువుగారూ” అన్నాడు నీరసంగా.

“అవి గరిటె కాడలు నాయనా.”

“మరి కెమెరా ఆయన చూసుకోలేదా?” అంది అమ్మాయి.

మావయ్య దిగే షాట్ సంగతి చెప్పాడు. వెలుతురు చాల్లేదన్న మాట చెప్పాడు. అమ్మాయి కనుబొమలు ముడిచింది.

“లోపలే కదా తీశారు? లైట్లు మీవే కదా?”

“అదేగా.”

మావయ్య తిట్ల కోసం ఆగాడు. నవ్వుల కోసం ఆగాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట హాల్లో కూడా ఇలాగే ఆగాడు. అమ్మాయి మాత్రం మౌసు పట్టుకుని తెర మీది ఓడను అటూ ఇటూ దొర్లిస్తోంది. ఆ పిల్ల చేతిలో ఓడకు పైనా లేదు, కిందా లేదు.

“అయితే దిగేముందు తిరగబడుతుంది” అంది తనలో తను అనుకున్నట్టు. “పైన ఎగిరినంతసేపూ కొమ్ములు. నేల దగ్గరికి రాగానే మొత్తం ఓడ తిరగబడుతుంది, కొమ్ములు కాళ్ళవుతాయి. జనం చూసిందీ నిజమే, తాతయ్య చేసిందీ నిజమే!”

కుర్ర దర్శకుడు కుర్చీలోంచి లేచాడు. ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. “ముప్పై ఎనిమిదేళ్ళు చూసినవాడు సీట్లోంచి లేచి నిలబడతాడు” అన్నాడు. “గురువుగారూ, మీరు ఇది ఊరికే చెప్పట్లేదు కదా? మళ్ళీ మాట మార్చరు కదా?”

“మార్చడానికి ఇంకేం మిగల్లేదు నాయనా.”

“తాతయ్యా, చేత్తో ఒక్కసారి తిప్పి చూపించండి” అని అమ్మాయి వీడియో తియ్యడానికి ఫోను పట్టుకుంది. మావయ్య ఓడను రెండు చేతుల్లోకి తీసుకుని గిర్రున తిప్పాడు.

“ఇలాగేనా?” అంది అమ్మాయి.

“కాదు కాదు” అని ఆయనే నాలిక కరుచుకున్నాడు. “ఊరంత ఓడ. బేసినులా తిప్పితే బేసినులాగే కనబడుతుంది. పెద్దది ఏదైనా తొందరపడదు, తల్లీ.”

ఈసారి మోచేతులు ఒంటికి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, నిండు కుండ మోస్తున్నట్టు మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు. సగంలో ఓడ ఒక క్షణం తటపటాయించింది. తోకలో గరాటు బరువుకు చిన్నగా ఒరిగింది, ఆయన దాన్ని ఒరగనిచ్చి మళ్ళీ సర్దాడు. కుక్కరు మూత పైకి వచ్చింది. ఓడ కిందికి కిందికి దిగింది. మొదట ఒక సీసా మూత బల్లకు తాకింది, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత మిగతా రెండూ. మావయ్య చేతులు వదిలేశాడు. పుట్టిన ఇన్నేళ్ళకు ఓడ పరాయివాళ్ళ కళ్ళ ముందు తన కాళ్ళ మీద తను నిలబడింది. బల్ల మీద అంగుళం కూడా ఊగలేదు.

“వచ్చింది, మొత్తం వచ్చింది!” అంటూ అమ్మాయి తెర వైపు పరిగెత్తింది. ఆ వెనకే మిగతా అందరూ. ఒకడి భుజం మీద ఇంకొకడి గడ్డం. కుర్ర దర్శకుడు వాళ్ళ మధ్యలో తల దూర్చి, “ఇంకా మెల్లగా... ఆయన సగంలో ఆగారు చూడు... అక్కడ, అక్కడ ఒరిగింది, అది తియ్యకు, ఉంచు” అంటున్నాడు. వాళ్ళ తలల సందుల్లోంచి మావయ్యకు తెర కాస్త కనబడింది. ఊరంత ఓడ, ముందు తటపటాయించి, తర్వాత బద్ధకంగా, కాళ్ళు కిందికి తిప్పుకుంది. ఎవరో “అబ్బ!” అన్నారు.

మావయ్య తెచ్చిన గుడ్డను నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నాడు. జేబులో స్క్రూడ్రైవరు తగిలింది. భార్య చెప్పిన మూత గుర్తొచ్చింది. బల్ల మీద నిలబడ్డ ఓడను చూశాడు. మూత విప్పితే ఇప్పుడు దానికి నెత్తి ఉండదు. స్క్రూడ్రైవరు మళ్ళీ జేబులోకి తోసి అద్దాల తలుపు దగ్గరికి నడిచాడు. చప్పుడు కాకుండా తలుపు వెయ్యడం ఆయనకు కొత్త కాదు, బతుకంతా తలుపులు చేసిన చెయ్యి.

మెట్లు దిగుతూ ఇంటికెళ్ళాక మూత గురించి ఏం చెప్పాలా అని ఆలోచించాడు. పెద్దగా ఆలోచించాల్సింది లేదు. అంతరిక్షంలో ఉందని చెప్పొచ్చు. గుడ్డ తప్ప ఏమీ లేని సంచి మోకాలికి తగిలి ఊగుతుంటే, చిన్నగా ఈల వేస్తూ, ఎండలోకి నడిచాడు.